ఎలా నడుస్తున్నారు?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన నెల ఒక సాయంత్రం ఇంగ్లీషు వర్క్‌షీట్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను గోంగూర ఆకు తుంచుతూ కూర్చున్నాను. "అమ్మా, ఇవన్నీ నడవడమేనట. ఏది ఏదో తెలియడం లేదు" అంది. చూశాను. లింప్, హాబుల్, షఫుల్, టాడిల్, వాడిల్, స్టాగర్, టాటర్, లర్చ్, స్టంబుల్. తొమ్మిది మాటలు. పక్కన పెన్సిలుతో తను రాసుకున్న అర్థం మాత్రం తొమ్మిదింటికీ ఒకటే: సరిగ్గా నడవలేకపోవుట.

"అన్నీ ఒకటే అయితే తొమ్మిది ఎందుకే?" అన్నాను. "అదే నేనూ అడుగుతున్నాను" అంది.

గోంగూర పక్కన పెట్టి ఇద్దరం హాల్లోకి వెళ్ళాం. నేను నడిచి చూపిస్తుంటే అది పేరు చెప్పాలి. ఒక కాలి మీద బరువు ఆనించలేక కుంటితే లింప్. రెండు కాళ్ళూ నొప్పులతో ఎగుడుదిగుడుగా, ఆపసోపాలు పడుతూ నడిస్తే హాబుల్. (ఇంగ్లీషువాళ్ళు పశువు కాళ్ళకు తాడు కట్టడాన్ని కూడా హాబుల్ అనే అంటారు. మనం ముందరికాళ్ళకు బంధం వేయడం అంటామే, అదే. 1910 ప్రాంతంలో అక్కడ హాబుల్ స్కర్ట్ అని ఒక ఫ్యాషన్ కూడా వచ్చింది. మోకాళ్ళ కింద బిగుతుగా ఉండి, జానెడు జానెడు అడుగులు తప్ప వేయలేని గౌను. మొదటిసారి ఓణీ నుంచి చీరకు మారి, కుచ్చిళ్ళు తొక్కుకుంటూ పెళ్ళికి వెళ్ళిన రోజు నాకు గుర్తొచ్చింది.) చంటిపిల్లల తప్పటడుగులు టాడిల్. అందుకే వాళ్ళని టాడ్లర్లు అంటారని చెప్తే దానికి భలే నచ్చింది. బాతులా అటూ ఇటూ ఊగుతూ నడిస్తే వాడిల్, నిండు నెలల్లో మనందరం నడిచిన నడక. తాగినవాడు తూలితే స్టాగర్. కాళ్ళలో సత్తువ లేక, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా నడిస్తే టాటర్. ఉన్నట్టుండి ఒక పక్కకి ఒరిగిపోతే లర్చ్. నర్సీపట్నం బస్సులో నిలబడి వెళ్ళినవాళ్ళకి దీనికి అర్థం చెప్పక్కర్లేదు. కాలికి రాయి తగిలి పడబోతే స్టంబుల్. దానికి మనకి ఎంత చక్కటి మాట ఉందో చూడండి, ఎదురుదెబ్బ. ఇప్పుడు పేపర్లలో పార్టీలకే తగులుతోంది గానీ, అసలు తగిలేది కాలి బొటనవేలికి.

షఫుల్ దగ్గర ఆగాం. పేకముక్కలు కలపడం అని తెలుసు గానీ నడకేమిటని మా అమ్మాయి సందేహం. పాదాలు నేల మీద నుంచి ఎత్తకుండా, ఈడ్చుకుంటూ నడవడం అని చేసి చూపించాను.

కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న మా అత్తయ్య అన్నారు: "అదేటో నాకు తెల్సు. అది నానే కదే!"

ముగ్గురం నవ్వాం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట అత్తయ్య నడక మారింది. నాకంటే ముందు నా చెవులకి తెలిసింది. ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే ఎప్పుడూ హవాయి చెప్పులు పటపటమని చప్పుడయ్యేవి. తెల్లవారుజామున ఆ చప్పుడుకే మా ఇల్లు లేచేది. అది మెల్లిగా పటపట పోయి, సర్రు... సర్రు అని చీపురు ఊడ్చినట్టు మారింది. మావారు మంచం మీద నుంచే "అమ్మ లేచింది" అనేవారు. అందరం విన్నాం. ఎవరం పట్టించుకోలేదు.

తర్వాత గడప. ప్రతి గడప దగ్గరా ఆవిడ ఒక క్షణం ఆగేవారు. కాలు లేవదు. అలా నిలబడి, నిలబడి, ఒక్కసారి దాటేవారు. మేం దాన్ని కూడా సరదా చేశాం. "నానమ్మ గడపకి దణ్ణం పెట్టుకుంటోంది" అని పిల్లలు అనేవారు, నేనూ నవ్వేదాన్ని. కొత్త అమావాస్యకి నూకాలమ్మ గుడికి తీసుకెళ్ళాం. జాతర జనం, తోపులాట. లోపలికి వెళ్ళే చోట ఆవిడ కదల్లేదు. వెనకాలవాళ్ళు తిడుతున్నారు. నేను చెయ్యి పట్టి లాగాను, కొంచెం విసుగ్గానే. ఆ లాగడం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం. "ఏమిటి బాధ?" అన్నారాయన. "నడవలేకపోతున్నారండీ" అన్నాను. ఆయన మోకాలు నొక్కి చూశారు, ఎక్స్‌రే తీయించారు. డెబ్బైకి దగ్గరపడ్డ మోకాలు, అరుగుదల ఎందుకుండదు? ఉంది. కాల్షియం బిళ్ళలు, ఒక ఆయింట్‌మెంటు. ఏడాదికి పైగా అవే వాడాం. అత్తయ్య ఆ ఏడాదంతా ఆయన ముందు కుర్చీలో కూర్చునే ఉన్నారు, ఒక్కసారి కూడా నడవలేదు. అయినా నాకు ఆయన మీద కోపం లేదు. ఆయనకి నేనిచ్చింది ఒకే ఒక్క మాట.

ఆ తర్వాత బంధువులు చెప్తే విశాఖలో నరాల డాక్టరుకి చూపించాం. ఆయనా అదే అడిగారు, నేనూ అదే చెప్పాను. "నడవలేకపోతున్నారండీ."

"నడవలేకపోతే ఇక్కడిదాకా ఎలా వచ్చారు? నడుస్తున్నారు కదా. ఎలా నడుస్తున్నారో చెప్పండి" అన్నారు.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని. ఒక్క క్షణం నోట మాట రాలేదు. తర్వాత చెప్పాను. కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తున్నారండీ. అడుగులు చిన్నవైపోయాయి. గడప దగ్గర ఆగిపోతారు. వెనక్కి తిరగాలంటే ఒక్కసారిగా తిరగలేరు, నాలుగైదు చిన్న అడుగులు వేసి తిరుగుతారు. ఒక్కోసారి ఎవరో వెనకనుంచి తోసినట్టు ముందుకి తూలుతూ గబగబా వెళ్ళిపోతారు, ఆపుకోలేరు. మా ఊరి బెల్లం మార్కెట్లో కొలగార్లు దిమ్మలు మోస్తూ ముందుకి వంగి చిన్న చిన్న అడుగులతో పోతారు చూడండి, అలాగ. నెత్తిన బరువు మాత్రం లేదు.

ఆయన రాసుకుంటూనే ఉన్నారు. అప్పుడు అత్తయ్యని కారిడార్ చివరిదాకా నడిచి రమ్మన్నారు. ఆవిడ వెళ్ళొచ్చాక, "ఎడం చెయ్యి ఊగడం లేదు, గమనించారా?" అని నన్నడిగారు. గమనించలేదు. నడుస్తుంటే రెండు చేతులూ వాటంతట అవే ఊగుతాయట. ఒకటి ఒంటికి అంటుకుని ఉండిపోవడం ఈ జబ్బు మొదట్లోనే కనిపించే గుర్తుల్లో ఒకటట. పార్కిన్‌సన్స్. మనవాళ్ళు వణుకుడు జబ్బు అంటారు. ఆ పేరే మమ్మల్ని మోసం చేసింది, అత్తయ్యకి చెయ్యి వణకదు. వణకకుండా కూడా వస్తుందని అప్పుడే తెలిసింది.

తర్వాత ఆ జబ్బు గురించి చదివాను. దీన్ని మొదట వివరంగా రాసిన జేమ్స్ పార్కిన్‌సన్ లండన్‌లో వైద్యుడు. 1817లో ఆయన రాసిన చిన్న పుస్తకంలో ఉన్నది ఆరుగురి సంగతే. ఆ ఆరుగురిలో కొందరు ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చినవాళ్ళు కాదు, వీధిలో కనిపించినవాళ్ళు. అంటే వీధిలో నడుస్తున్న మనిషిని చూసి, ఈ నడకలో ఏదో ఉందని ఆగి చూశాడన్నమాట. ముందుకి వంగిపోవడం, నడక కాస్తా పరుగైపోవడం, అన్నీ రాశాడు. స్కానింగులు, రక్తపరీక్షలు లేని రోజులు. మా ఇంట్లో ఆ నడక రోజుకి యాభైసార్లు నా ముందు నుంచి వెళ్ళింది.

ఎందుకు చెప్పలేకపోయాను? మాటలు లేక కాదు. మనకి కుంటడం, తూలడం, తడబడడం, తొట్రుపడడం, జోగడం, దేకడం, దోగాడడం, ఈడవడం, ఒరగడం... చెప్పుకుంటూ పోతే మా అమ్మాయి వర్క్‌షీటు వెనక పేజీ కూడా నిండుతుంది. నాకు తోచిన కారణం ఇది. ఇంగ్లీషులో తీరు, నడక రెండూ కలిసి ఒకే క్రియ. షఫుల్ అంటే నడవడమూ, ఈడవడమూ ఒకే మాటలో ఉన్నాయి, తీసేయడానికి లేదు. మనం చాలాసార్లు "ఈడ్చుకుంటూ నడుస్తోంది" అంటాం. ఆ "ఈడ్చుకుంటూ" శత్రర్థకం. వాక్యానికి అది లేకపోయినా నష్టం లేదు. "నడుస్తోంది" అన్నా వాక్యం పూర్తవుతుంది. తొందరలో ఉన్నవాళ్ళం, డాక్టరు ముందు బెదిరేవాళ్ళం, మొదట వదిలేసేది దాన్నే. డాక్టరుకి కావలసిందేమో అదొక్కటే.

కాబట్టి నేను చెప్పేది ఇంగ్లీషు గొప్పదనీ కాదు, తెలుగు గొప్పదనీ కాదు. ఆ ముందు మాటని వదలొద్దని. "నడవలేకపోతోంది" అన్న మాట ఇంట్లోంచి బయటికి పంపేయమని. బరువు ఒక కాలి మీద వేసి కుంటుతోందా? మోకాళ్ళ అరుగుదలకి బాతులా ఊగుతోందా? తాగినవాళ్ళలా కాళ్ళు ఎడంగా వేసి తూలుతోందా? ఒక కాలు బిగుసుకుపోయి అర్ధచంద్రంలా పక్కకి తిప్పి వేస్తోందా? నేల అరికాలికి తెలియక, చూసి చూసి అడుగు వేస్తోందా? వీటిలో ఒక్కోదానికీ కారణాలు వేరు. మోకాలు, చిన్నమెదడు, పక్షవాతం, షుగరుకి దెబ్బతిన్న నరాలు. ఏ జబ్బో తేల్చడం మన పని కాదు, డాక్టరు పని. ఎలా ఉందో చెప్పడం మాత్రం మనకంటే బాగా ఎవరూ చెయ్యలేరు, రోజంతా చూసేది మనం గనక.

చూడడం మనకి చేతకాదా అంటే, ఆడవాళ్ళ నడక చూడడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. 2003లో నా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు ఇదే అత్తయ్య, "ఆ లోపల్నుంచి కాసిన్ని మంచినీళ్ళు అట్టుకురా అమ్మా" అన్నారు. దాహం వేసి కాదు. వరండా ఆ చివర నుంచి ఈ చివరిదాకా నేను నడిస్తే చూడడానికి. కాలేమైనా అవుడా, అడుగు సరిగా పడుతోందా అని. తర్వాత ఆవిడే నవ్వుతూ చెప్పారు. మీలో చాలామంది కూడా ఇలా మంచినీళ్ళు తెచ్చే ఉంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత విశాఖ కారిడార్‌లో ఆవిడ నడుస్తుంటే నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

ఆడపిల్ల నడకకి మనం పెట్టిన పేర్లు చూడండి. హంసనడక, మందగమన, గజగామిని. కాస్త గట్టిగా నడిస్తే "ఏమిటా దబదబ? నేల అదిరిపోతోంది" అంటాం. గబగబా నడిస్తే మగరాయుడు. ఇక నడకమాటల్ని ఆడవాళ్ళ మీద వాడే తీరు ఇంకోటి. ఏడాది పిల్ల తప్పటడుగులు వేస్తే ఫోన్లో వీడియో తీసి ఊరంతా పంపుతాం. అదే పిల్ల ఇరవై ఏళ్ళకి "తప్పటడుగు వేసింది" అంటే గొంతు తగ్గించి చెప్పుకుంటాం. "కాలు జారింది" అన్న మాట మగపిల్లాడి గురించి ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. వాడు బాత్రూంలో జారితేనే జారినట్టు.

అంటే ఆడదాని నడకని పెళ్ళికి ముందు పరీక్ష చేస్తాం, పరువు కోసం కాపలా కాస్తాం. అరవై దాటాక ఆ నడక వంక ఎవరూ చూడరు. అప్పుడు చూడాలి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మాటలకి చేదు కూడా ఉంది. నేను బడిలో చదివే రోజుల్లో మా తరగతిలో ఒక అమ్మాయికి పోలియో. చక్కగా పాడేది, లెక్కల్లో ఫస్టు. అయినా దాని పేరుకి ముందు ఎప్పుడూ ఆ "కుంటి" ఉండేది, ఇంటిపేరులా. మేమెవరం చెడ్డపిల్లలం కాదు, అయినా అనేవాళ్ళం. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. మా అమ్మాయి తరగతిలో అలాంటి పిల్ల లేదు. మాట మాత్రం ఉంది. బండి స్టార్ట్ కాకపోతే కుంటిబండి, సాకు చెప్తే కుంటిసాకు. మొన్న పిల్లలతో నడకలు ఆడుతున్నప్పుడు కూడా ఒక క్షణం ఆలోచించాను, ఎవరినైనా వెక్కిరిస్తున్నామా అని. "కుంటుతోంది" అన్నది ఆ రోజు ఆ కాలికి ఏమైందో చెప్తుంది. "కుంటిది" అన్నది మనిషి మొత్తాన్ని ఆ కాలితో కొలుస్తుంది. మొదటిది ఉండాలి, రెండోది ఇంట్లో వినిపిస్తే నేను ఊరుకోను.

అత్తయ్య సంగతికి వస్తాను. మందులు మొదలయ్యాక మార్పు కనిపించింది. పూర్తిగా పోయే జబ్బు కాదని డాక్టరు ముందే చెప్పారు. మందు పనిచేసే గంటలు, పనిచేయని గంటలు ఉంటాయి, ఏ వేళకి ఎలా నడుస్తున్నారో రాసి తీసుకురమ్మన్నారు. పాల లెక్క రాసే పుస్తకంలో వెనకనుంచి మొదలుపెట్టాను.

ఫిజియోథెరపీ చెప్పే అమ్మాయి ఒక చిత్రం చూపించింది. నేల మీద అడుగు దూరంలో అడ్డగీతలు గీస్తే, ఆగిపోయిన కాలు గీత దాటడానికి లేస్తుందట. నమ్మలేదు. సుద్దముక్కతో హాల్లో గీశాను. అత్తయ్య మొదటి గీత దాటారు, రెండోది దాటారు, మెట్లు ఎక్కినట్టు కాళ్ళెత్తి వంటింటి దాకా వెళ్ళిపోయారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఇప్పుడు ప్రతి గడప ముందూ ఒక తెల్ల టేపు ముక్క ఉంటుంది. వచ్చినవాళ్ళు ఇదేం వాస్తు అని అడుగుతుంటారు.

ఇంకోటి, తాళం. లెక్క పెడుతూ నడిచినా, చప్పట్లకి నడిచినా అడుగు సరిగా పడుతుంది. ఇక్కడే నా బి.ఏ. మొదటిసారి ఇంట్లో పనికొచ్చింది. ఛందస్సులో రగడల పేర్లు గుర్తున్నాయా? తురగవల్గన, హరిగతి, ద్విరదగతి, వృషభగతి. అంటే గుర్రం గంతు, ఏనుగు నడక, ఎద్దు నడక. పద్యాలకి పేరు పెట్టేటప్పుడు కూడా మనవాళ్ళు నడకలే చూశారు. పరీక్ష కోసం గణాలు బట్టీ పట్టాను తప్ప అప్పుడు ఇది తట్టలేదు. ద్విరదగతికి అయిదేసి మాత్రలు, వృషభగతికి మూడూ నాలుగూ. అవి అత్తయ్యకి కుదరలేదు, కాలు తికమకపడింది. మధురగతి నాలుగేసి మాత్రలది. "తకధిమి తకధిమి" అంటే చాలు. సాయంత్రం డాబా మీద నేను అంటుంటాను, ఆవిడ నడుస్తారు. పక్కింటావిడ మొదట్లో డాన్సు నేర్పిస్తున్నాననుకుంది.

ఆ వర్క్‌షీట్ రాత్రి నాకు నిద్ర పట్టనిది ఇందుకే. తొమ్మిది మాటలకి ఒకే అర్థం రాసుకున్న పిల్లని చూసి నవ్వాను. మూడేళ్ళ కిందట నేను చేసింది అదే. ఆ ఏడాది పోయింది. మందు ముందే మొదలుపెట్టి ఉంటే ఆ ఏడాదిలో ఆవిడ ఎన్నిసార్లు పడకుండా ఉండేవారో. రెండుసార్లు పడ్డారు. ఒకసారి మణికట్టు విరిగింది.

ఇప్పుడు మా అమ్మాయి కూడా ఆ పుస్తకంలో రాస్తోంది. నా అక్షరం, దాని అక్షరం కలిసి ఉంటాయి. ఉదయం ఆరున్నర, ఈడ్చుకుంటూ. ఎనిమిది, బాగుంది, చేతులు రెండూ ఊగాయి. పదకొండు, గడప దగ్గర ఆగారు, టేపు చూసి దాటారు. ఒకటిన్నర, ముందుకి తూలారు, పట్టుకున్నాను. రాత్రి పడుకునే ముందు అత్తయ్యకి చదివి వినిపిస్తాం, ఆవిడ మాటని ఆవిడే ఖాయం చెయ్యాలి కదా.

మొన్న "సాయంత్రం అయిదు, ఈడ్చుకుంటూ" అని చదవగానే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఈడిసేననుకున్నారేటి? నాను బాగానే నడిసేను. చెప్పు వదులైపోనాది. దాన్ని ఊడిపోకుండా లాక్కొచ్చేను."

మా అమ్మాయి వెళ్ళి చెప్పు తెచ్చి చూసింది. నిజమే, పట్టీ సాగిపోయింది. పుస్తకంలో ఈడ్చుకుంటూ అన్నది కొట్టేసి, పక్కన "చెప్పు" అని రాసింది. మర్నాడు మెయిన్ రోడ్డుకి వెళ్ళి, మడమ వెనక పట్టీ ఉన్న జత కొన్నాం. రంగు ఆవిడకి నచ్చలేదు.